పొడి కన్ను
కన్నీరు తగినంత ఊరకపోవడం వలన గాని, ఊరినది త్వరగా ఆవిరైపోవడం వలన గాని కలిగే నేత్ర రుగ్మతను పొడి కన్ను అంటారు. కన్నీరు కేవలం నీరు కాదు. రెప్పల అంచులలోని మైబోమియన్ గ్రంథులు స్రవించే నూనె, అశ్రుగ్రంథి నుండి వచ్చే నీరు, మ్యూసిన్ అనే జిగురు పదార్థం కలిసి కంటిపై పలుచని పొరగా ఏర్పడతాయి. నూనె తగ్గితే నీరు నిలువదు.

మంట, ఇసుక పడినట్లు గరగర, చూపు మసకబారి రెప్ప వేయగానే తేటపడడం దీని లక్షణాలు. విచిత్రమేమంటే కొందరికి కన్ను ధారగా కారుతుంది. ఎండిన కార్నియా రేగి అశ్రుగ్రంథిని ప్రేరేపించడమే ఇందుకు కారణం. ఇటువంటివారు తమది పొడి కన్నంటే ఒక పట్టాన నమ్మరు.

వయసు, రుతువిరతి, కొన్ని అలర్జీ మాత్రలు, రెప్ప వేయడం మరచి కంప్యూటరు చూడడం దీనికి దోహదం చేస్తాయి. నోరు కూడా ఎండిపోతూ ఉంటే, 1933లో స్వీడన్ వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ వర్ణించిన వ్యాధిని అనుమానించాలి. షర్మర్ పరీక్షలో క్రింది రెప్పలో ఉంచిన వడపోత కాగితం 5 నిమిషాలలో 5 మిల్లీమీటర్లయినా తడవకపోతే కన్నీటి కొరత తీవ్రమని భావిస్తారు.

కృత్రిమ కన్నీటి చుక్కలు, మూసిన రెప్పలపై గోరువెచ్చని తడిగుడ్డ కాపడం తొలి చికిత్స. రోజుకు నాలుగుసార్లకు మించి వేయవలసివస్తే నిల్వ రసాయనాలు లేని చుక్కలు మేలు. తీవ్రమైనచో వైద్యులు సైక్లోస్పోరిన్ చుక్కలు వాడతారు, లేదా కన్నీరు పోయే రంధ్రాలను చిన్న బిరడాలతో మూస్తారు. ఎరుపు తగ్గుతోందని మందుల దుకాణంలో స్టెరాయిడ్ చుక్కలు కొని నెలల తరబడి వేసుకోవడం మాత్రం ప్రమాదకరం. కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు రావచ్చు. దానివలన పోయిన చూపు తిరిగి రాదు.