దీక్ష అర్థం: తండా వాకిలి నుంచి

శ్రావణం వచ్చిందంటే కొత్తకోటలో మా హాస్టల్ పిల్లల మనసు తండాల మీదే ఉంటుంది. తీజ్‌కు సెలవు కావాలంటారు. పెళ్లికాని ఆడపిల్లలు నాయక్ అనుమతి తీసుకుని, పుట్టమన్ను నింపిన బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచే పండుగ అది. రేగు ముళ్లకు నానిన శనగలు గుచ్చుతుంటే అన్నదమ్ములు కొమ్మను కదుపుతారు. ముల్లు దిగినా పిల్ల ఓర్చుకోవాలి. చూసేవాళ్లకు అది ఆట. నియమం, పరీక్ష, పెద్దల సాక్ష్యం మూడూ ఉన్నాయి కాబట్టి మేము దాన్ని దీక్ష అనే అంటాము.

మగపిల్లలకు వదాయి ఉండేది. పెళ్లికి ముందు పెద్దల ఎదుట వరుడి ఒంటికి వేడి సూదితో చిన్న వాత పెట్టేవారు. ఇక ఇంటి భారం మోసే వయసు వచ్చిందని దాని అర్థం. దీన్ని మోటు ఆచారమని నవ్వినవాళ్లు ఉన్నారు. అయితే శ్రీవైష్ణవుల పంచ సంస్కారాల్లో మొదటిది తాపం. ఆచార్యుడు నిప్పులో కాల్చిన శంఖచక్ర ముద్రలను శిష్యుడి భుజాలపై వేస్తాడు. ఆ తర్వాతే పుండ్రం, నామం, మంత్రం, యాగం. మన జిల్లాలోని శ్రీరంగాపూర్ రంగనాయకస్వామిని కొలిచే వైష్ణవులకు ఇది తెలిసిన సంగతే. నిప్పు ఒకటే అయినప్పుడు ఒకచోట సంస్కారం, మరోచోట మోటుతనం ఎలా అవుతుంది?

దీక్ష ఎవరికి దక్కాలన్న పోరాటమూ పాతదే. ఉపనయనాన్ని శాస్త్రాలు కొన్ని వర్ణాలకే పరిమితం చేశాయి. 12వ శతాబ్దంలో బసవేశ్వరుడి శరణులు కులం అడగకుండా, ఆడా మగా తేడా లేకుండా ఇష్టలింగాన్ని చేతిలో పెట్టారు. గురువు రహస్యంగా ఇచ్చిన మంత్రాన్ని రామానుజులు తిరుకోష్టియూరు గుడి గోపురమెక్కి అందరికీ వినిపించారని వైష్ణవులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

దక్కడం ఒక్కటే చాలదు. తీసుకునేవారి ఇష్టం కూడా ఉండాలి. రాహులుడికి చిన్న వయసులోనే ప్రవ్రజ్య ఇచ్చాక శుద్ధోదనుడు బాధపడ్డాడనీ, అప్పటి నుంచి తల్లిదండ్రుల అనుమతి లేనిదే పిల్లలను సంఘంలో చేర్చుకోవద్దని బుద్ధుడు నియమం పెట్టాడనీ బౌద్ధ గ్రంథాలు చెబుతాయి. పూర్తి భిక్షువు కావాలంటే 20 ఏళ్లు నిండాలి. మన నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాలలో పనిచేసిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ వారు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. తన విశ్వాసాన్ని తన నోటితో చెప్పగలిగినవారికే నీళ్లలో ముంచి ఇస్తారు.

ఇష్టం లేని దీక్ష ఎంత ఘోరమో పాలమూరుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఊహ తెలియని దళిత బాలికలను దేవత పేరు చెప్పి జోగినులుగా మార్చారు. అక్కడా పూజ ఉంది, పెద్దల సాక్ష్యమూ ఉంది. లేనిది ఆ పిల్ల మాట ఒక్కటే. 1988లో దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది.

మన తండాలూ ఈ విషయంలో తమను తాము అడిగి చూసుకోవాలి. ఒక ఏడాది తీజ్‌కని వెళ్లిన పదో తరగతి పిల్ల తిరిగి రాలేదు. పండుగకు వచ్చిన చుట్టాలు సంబంధం ఖాయం చేశారట. మేము తండాకు వెళ్లాము. నాయక్ తాత ఆ పిల్లను ముందుకు పిలిచి, "నువ్వు చెప్పు బిడ్డా" అన్నాడు. "పరీక్ష రాస్త తాతా" అంది తల ఎత్తకుండానే. పెళ్లి ఆగింది. ఆ పిల్ల పరీక్ష రాసింది.

ఆ రోజు వరకు పిల్లలు తీజ్‌కు సెలవడిగితే చదువు పాడవుతుందని విసుక్కున్నవాళ్లం మేము. ఇప్పుడు ఇంటికి వెళ్లలేని పిల్లల కోసం హాస్టల్ వరండాలోనే బుట్టలు పెడుతున్నాము. వదాయి వాత మళ్లీ రావాలని మేము కోరము. తీజ్ మాత్రం పోకూడదు.

ఈ సంచిక చదివే నాయక్‌లకు, కార్‌భారీలకు మాది ఒకటే విన్నపం. తొమ్మిదో రోజు ఆడపిల్లల చేతుల నుంచి మొలకలు అందుకునేటప్పుడు వాళ్లకు ఒక మాట ఇవ్వండి. 18 ఏళ్లు నిండేదాకా పెళ్లి మాట ఎత్తమని, ఆ తర్వాత కూడా వాళ్లను అడగకుండా ఎత్తమని. తొమ్మిది రోజులు నియమం పట్టింది వాళ్లు. పదో రోజు నుంచి నియమం పట్టాల్సింది మనం.