యోని ఈస్ట్ ఇన్ఫెక్షన్ మందులు: చరిత్ర, వాడకం

యోనిలో కాండిడా అనే శిలీంధ్రం మితిమీరి పెరిగితే వచ్చే జబ్బు యోని కాండిడియాసిస్. వాడుకలో దీన్ని ఈస్ట్ ఇన్ఫెక్షన్ అంటారు. దురద, మంట, పెరుగు తరకల్లా పడే తెల్లబట్ట దీని ముఖ్య లక్షణాలు. నలుగురు స్త్రీలలో దాదాపు ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుందని అంచనా. కాండిడా ఆరోగ్యవంతుల ఒంట్లోనూ ఉంటుంది. యాంటీబయాటిక్స్ వాడినప్పుడు, గర్భిణిగా ఉన్నప్పుడు, మధుమేహం అదుపు తప్పినప్పుడు విజృంభిస్తుంది.

తొలి రోజులు

ఈ జబ్బుకూ శిలీంధ్రానికీ ఉన్న సంబంధాన్ని 1849లో జె. ఎస్. విల్కిన్సన్ వర్ణించాడు. కాండిడా అన్న పేరు 1923లో డచ్ శాస్త్రవేత్త క్రిస్టీన్ బెర్కౌట్ పెట్టింది. సరైన మందు లేని కాలంలో వైద్యులు జెన్షియన్ వయొలెట్ పూసేవారు. దానితో ఉపశమనం కలిగేది గానీ, బట్టలన్నీ ఊదా మరకలయ్యేవి.

నిస్టాటిన్

శిలీంధ్ర కణం నిర్మాణంలో బ్యాక్టీరియా కన్నా మనిషి కణానికే దగ్గర. అందుకే ఫంగస్‌ను చంపే పదార్థాలు చాలావరకు రోగికీ హాని చేసేవి. 1940లలో యాంటీబయాటిక్స్ వాడకం పెరిగి ఫంగస్ జబ్బులు ఎక్కువవడంతో మందు అవసరం ముదిరింది. న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖలో పనిచేసే ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ మట్టిలోని సూక్ష్మజీవుల్లో వెతికారు. హేజెన్ న్యూయార్క్ నగరంలో, బ్రౌన్ ఆల్బనీలో ఉండేవారు. నమూనాలు వారి మధ్య తపాలాలోనే ప్రయాణించేవి. వర్జీనియాలో నర్స్ అనే ఇంటిపేరున్న కుటుంబం పొలంలోని మట్టి నుంచి వచ్చిన స్ట్రెప్టోమైసిస్ నర్సీ అనే జీవి వారికి కావలసిన మందునిచ్చింది. 1950లో ప్రకటించిన ఈ మందుకు రాష్ట్రం పేరు మీదే నిస్టాటిన్ అని పేరు పెట్టారు. 1954 నుంచి అది మార్కెట్లో దొరికింది. దానిపై వచ్చిన కోటీ ముప్ఫై లక్షల డాలర్లకు పైగా రాయల్టీని ఇద్దరూ శాస్త్ర పరిశోధనకే వదిలేశారు.

నిస్టాటిన్ శిలీంధ్ర కణ పొరలోని ఎర్గోస్టెరాల్‌కు అతుక్కుని చిల్లులు పొడుస్తుంది. మనిషి కణాల్లో దాని స్థానంలో కొలెస్టరాల్ ఉంటుంది. ఈ తేడాయే తర్వాతి మందులకూ ఆధారమైంది.

అజోల్ మందులు

1960ల చివర బేయర్ కంపెనీ క్లోట్రిమజోల్‌ను, జాన్సెన్ కంపెనీ మైకోనజోల్‌ను కనిపెట్టాయి. ఇవి ఎర్గోస్టెరాల్ తయారీనే ఆపేస్తాయి. యోనిలో పెట్టుకునే మాత్రలుగా, క్రీములుగా ఇవి రావడంతో రెండు వారాల చికిత్స క్రమంగా వారానికి, మూడు రోజులకు తగ్గింది. ఇంగ్లండ్‌లోని సాండ్‌విచ్‌లో ఫైజర్ పరిశోధకులు రూపొందించిన ఫ్లూకొనజోల్ నోటితో మింగేది. 150 మిల్లీగ్రాముల ఒకే మోతాదును ఈ జబ్బుకు అమెరికా 1994లో ఆమోదించింది.

1990లో అమెరికాలో క్లోట్రిమజోల్ వైద్యుల చీటీ లేకుండా అమ్మకానికి వచ్చాక, రోగనిర్ధారణ భారం కొనేవారి మీద పడింది. అలా మందు కొనుక్కున్న స్త్రీలను పరీక్షించి 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కేవలం కాండిడా మాత్రమే ఉన్నవారు మూడో వంతే. మిగిలినవారిలో చాలామందికి బ్యాక్టీరియల్ వెజైనోసిస్, ట్రైకోమొనాస్ వంటివి ఉన్నాయి. వాటిపై ఫంగస్ మందులు పనిచేయవు.

జాగ్రత్తలు

మొదటిసారి లక్షణాలు కనిపించినప్పుడు, జ్వరం, పొత్తికడుపు నొప్పి, దుర్వాసన ఉన్నప్పుడు సొంతవైద్యం తగదు. గర్భిణులు నోటి ఫ్లూకొనజోల్ మానుకోవాలి. వారికి ఏడు రోజులు పైపూత అజోల్ మందులనే సిఫారసు చేస్తారు. రక్తాన్ని పలుచబరిచే వార్ఫరిన్, కొన్ని మధుమేహ మాత్రలు, కొలెస్టరాల్ తగ్గించే కొన్ని స్టాటిన్ల ప్రభావాన్ని ఫ్లూకొనజోల్ పెంచుతుంది. యోనిలో వాడే మైకోనజోల్ కూడా వార్ఫరిన్‌తో పడదు. నూనె కలిసిన క్రీములు లేటెక్స్ కండోమ్‌ను బలహీనపరుస్తాయి. లక్షణాలు తగ్గినా కోర్సు పూర్తి చేయాలి.

ఏడాదిలో మూడు అంతకన్నా ఎక్కువసార్లు వస్తే స్రావాన్ని కల్చర్ పరీక్షకు పంపాలి, రక్తంలో చక్కెర చూడాలి. అలాంటివారికి వైద్యులు ఆరు నెలలపాటు వారానికొక ఫ్లూకొనజోల్ మోతాదు ఇస్తారు. కాండిడా గ్లాబ్రాటా వంటి రకాలు అజోల్‌లకు సరిగా లొంగవు. వాటికి బోరిక్ ఆమ్లాన్ని యోనిలో వాడతారు, అది మింగితే ప్రాణాంతకం కావచ్చు. అమెరికా 2021లో ఐబ్రెక్సాఫంగర్ప్‌ను, 2022లో ఒటెసెకొనజోల్‌ను ఆమోదించింది. మొదటిది గర్భిణులకు, రెండోది గర్భం దాల్చే అవకాశం ఉన్నవారికి ఇవ్వకూడదు.

మందులు ఎంత సులువైనా, సరైన రోగనిర్ధారణ లేకుండా వాటిలో ఏదీ సురక్షితం కాదు.