ఇరతి వాంటి: ఆ విషం జోలికి పోవద్దు

అణువ్యర్థాల భద్రత గురించి చదవబోతే మనకు ఎదురయ్యేదంతా కొలతల భాష. పీపా మందం ఎంత, ఎంత ఎత్తునుంచి పడేస్తే పగలకుండా ఉంటుంది, మంటల్లో ఎంతసేపు నిలుస్తుంది, ఇలా సాగుతుంది. ఆ కొలతలు అబద్ధాలని నేననను. కానీ ఆ విషాన్ని ఎవరి వాకిలి ముందునుంచి తీసుకెళ్తారు, ఎవరి నేలలో పూడుస్తారు, వాళ్ళని ఎవరైనా అడిగారా అన్న ప్రశ్నలు ఆ భాషలో ఇమడవు. ఈ ప్రశ్నల్ని ఒక ప్రభుత్వం ముందు పెట్టి, ఆరేళ్ళపాటు విడవకుండా అడిగినవాళ్ళు దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలోని కొందరు పెద్దవయసు ఆదివాసీ స్త్రీలు. స్త్రీల చరిత్ర రాసుకునే మనకు వాళ్ళ సంగతి తెలియాలి.

1998 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. దేశమంతటా ఆసుపత్రుల్లో, పరిశోధనశాలల్లో పేరుకున్న తక్కువస్థాయి రేడియోధార్మిక వ్యర్థాల్ని దక్షిణ ఆస్ట్రేలియాలోని బిల్లా కలినా ప్రాంతంలో పాతిపెడతామని. వాటిలో ఎక్కువ భాగం సిడ్నీ శివార్లలోని లూకస్ హైట్స్ అణు రియాక్టరు కేంద్రానికి సంబంధించినవి. అంటే లారీల్లో సుమారు 1700 కిలోమీటర్ల ప్రయాణం. ఎందుకక్కడే అంటే జవాబు సిద్ధంగా ఉంది: వానలు తక్కువ, భూమి స్థిరమైనది, జనం లేరు.

"జనం లేరు" అన్న మాట దగ్గర ఆగాలి. ఆ నేలమీద ఆ మాట అనడం అది మొదటిసారి కాదు.

1953 అక్టోబరు 15న బ్రిటన్ అదే ఎడారిలోని ఈమూ ఫీల్డ్‌లో టోటెమ్-1 అనే అణుబాంబును పేల్చింది. ఆ తర్వాత వల్లటినా, మింటబీ పరిసరాల్లో ఉన్న ఆదివాసీలు నల్లటి పొగమంచు ఒకటి నేలని రాసుకుంటూ తమమీదికి వచ్చిందని చెప్పారు. మింటబీ దగ్గర పిల్లలతో ఉన్న లాలీ లెన్నన్ తన ఒంటిమీద, పిల్లల ఒంటిమీద లేచిన పుళ్ళ గురించి దశాబ్దాలపాటు చెబుతూనే వచ్చింది. వినడానికి దేశానికి 30 ఏళ్ళు పట్టింది. 1984-85లో విచారణ జరిపిన రాయల్ కమిషన్, నల్ల పొగమంచు నిజమేనని ఒప్పుకుంది. దానివల్ల కొందరికి తాత్కాలికంగా జబ్బు చేసి ఉండవచ్చని కూడా అంది. అంతకు మించిన జబ్బుల గురించి చెప్పడానికి మాత్రం ఆధారాలు చాలవంది. ఆధారాలు ఎందుకు చాలవు? ఆ రోజుల్లో వాళ్ళని పరీక్షించి, రాసిపెట్టుకున్నవాళ్ళు లేరు కాబట్టి. కొలవనివాళ్ళే కొలతలు లేవన్నారు.

ఈడీ మిల్పుడ్డీ సంగతి ఇంకా బరువైనది. 1957 మేలో మరలింగలో, అంతకు ఏడు నెలల ముందు బాంబు పేల్చిన గొయ్యి దగ్గర ఒక కుటుంబం విడిది చేసి ఉండటం సైనికులకి కనిపించింది. భార్య, భర్త, ఇద్దరు పిల్లలు. ఈడీ అప్పుడు గర్భవతి. వాళ్ళకి స్నానాలు చేయించి, వెంట ఉన్న కుక్కల్ని కాల్చిచంపి, బండెక్కించి యలాటాకి పంపేశారు. చూసిన సైనికుల్ని నోరు మెదపవద్దన్నారు. ఆమె బిడ్డ చనిపోయి పుట్టింది. నిషేధిత ప్రాంతమని బోర్డులు ఇంగ్లీషులో పెట్టారు. చదవలేనివాళ్ళకి అవి ఉన్నా లేనట్టే.

పేలుళ్ళు ముగిసినా వ్యర్థాలు మిగిలాయి. మరలింగలో జరిపిన 'చిన్న' ప్రయోగాల్లో సుమారు 22 కిలోల ప్లుటోనియం చెల్లాచెదురైంది. 1967లో బ్రిటిష్ సైన్యం పైమట్టిని దున్ని కలిపేసి, కొంత గోతుల్లో పూడ్చి, శుభ్రమైందని చెప్పి వెళ్ళిపోయింది. 1980లలో శాస్త్రవేత్తలు మళ్ళీ చూసేసరికి ప్లుటోనియం అంటిన ముక్కలు నేలమీదే దొరికాయి. 1990లలో మళ్ళీ శుద్ధి మొదలుపెట్టారు. గోతుల్లోని చెత్తని విద్యుత్తుతో కరిగించి గాజులా గట్టిపరచాలనుకున్నారు. 1999లో ఒక గోతిలో పేలుడు జరిగాక ఆ పద్ధతిని వదిలేసి, మిగిలినదాన్ని తక్కువ లోతు కందకంలో పూడ్చారు. 2000 నాటికి సుమారు 108 మిలియన్ డాలర్లు ఖర్చయ్యాయి. ఒకవైపు ఇది జరుగుతుండగానే, అదే ప్రభుత్వం ఇంకోవైపు కొత్త గోతికి హామీ ఇస్తోంది.

ఈ హామీని నమ్మనివాళ్ళు అప్పటికే సంఘంగా ఉన్నారు. కూబర్ పీడీ పట్టణంలో అంతికరిన్యా, యంకునిజజారా, కోకథా తెగల పెద్దావిడలు 1995లో 'కూపా పీటీ కుంగ్కా జూటా' అనే మండలిగా ఏర్పడ్డారు. కుంగ్కా అంటే స్త్రీ, జూటా అంటే చాలామంది. తమ ఉద్యమానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'ఇరతి వాంటి'. ఇరతి అంటే విషం, వాంటి అంటే వదిలేయి. ఎయిలీన్ కంపకుటా బ్రౌన్, ఎయిలీన్ వానీ వింగ్‌ఫీల్డ్, ఐవీ మకింటి స్టూవర్ట్ వంటివాళ్ళు మీటింగులకు వెళ్ళారు, మంత్రులకి ఉత్తరాలు చెప్పి రాయించారు. వ్యాకరణం దిద్దనివ్వలేదు, తాము మాట్లాడే ఇంగ్లీషులోనే వాటిని పంపారు. పర్యావరణ ఉద్యమాల్లో ఉన్న పట్నం యువతుల్ని పిలిపించుకుని పనిలో పెట్టుకున్నారు. మాట పెద్దవాళ్ళది, కంప్యూటరు పని చిన్నవాళ్ళది. ఎవరు ఎవరికి ప్రతినిధి అన్న మన చర్చలకి అక్కడ ఆచరణలో ఒక జవాబు దొరికింది.

వాళ్ళ అభ్యంతరం ఒక్క జబ్బుల గురించే కాదు. ఆ నేలమీదుగా ఏడుగురు అక్కచెల్లెళ్ళ దారి వెళుతుంది. ఆకాశంలో మన పల్లెలు పిల్లలకోడి అని పిలిచే చుక్కల గుంపే ఆ అక్కచెల్లెళ్ళు. ఎక్కడ నీళ్ళున్నాయో, ఎక్కడ ఆగాలో, ఏది ముట్టుకోకూడదో ఆ పాటల్లోనే ఉంటుంది. అందులో కొంత స్త్రీలు స్త్రీలకే చెప్పుకోవలసినది. ప్రభుత్వ పర్యావరణ నివేదికకేమో మ్యాపు మీద చుక్క పెట్టి చూపించాలి. చెబితే ధర్మం తప్పినట్టు, చెప్పకపోతే ఆధారం లేనట్టు.

ఈ ఇరకాటం ఊహించుకున్నది కాదు. అదే రాష్ట్రంలో హిండ్‌మార్ష్ దీవికి వంతెన వద్దన్న న్గారింజెరి స్త్రీల రహస్య జ్ఞానాన్ని 1995లో ఒక రాయల్ కమిషన్ కట్టుకథ అని తేల్చింది. 2001లో ఫెడరల్ కోర్టు న్యాయమూర్తి అది కల్పితమని తాను నమ్మలేనన్నారు. అప్పటికి వంతెన కట్టేశారు. కుంగ్కాలు నోరు విప్పింది ఈ రెండు తీర్పుల మధ్య కాలంలో.

ఇక రవాణా. అధిక రేడియోధార్మికత ఉన్నవాటిని మోసే పేటికలకి పరీక్షలు కఠినమైనవే: 9 మీటర్ల ఎత్తునుంచి పడేయడం, 800 డిగ్రీల మంటలో 30 నిమిషాలు ఉంచడం. తక్కువస్థాయి వ్యర్థాలు వెళ్ళే మామూలు పీపాలకి ఈ పరీక్షలు లేవు. 1994-95లో మెల్‌బోర్న్‌నుంచి ఎత్తిన మట్టి, దాదాపు 10,000 పీపాలు, లూకస్ హైట్స్ మీదుగా వూమెరాకి చేరింది. తాత్కాలికమన్నారు, ఏళ్ళ తరబడి అక్కడే ఉంది. 2004లో న్యూసౌత్‌వేల్స్ శాసనసభల సంయుక్త సంఘం, రవాణా వల్ల ప్రమాదావకాశం పెరుగుతుందనే చెప్పింది.

పేటిక గట్టిదైనా దానికి ఒక మర బిగించాలి. 2023 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో రియో టింటో గనినుంచి పెర్త్‌కి బయలుదేరిన పరికరంలోంచి సీజియం-137 గుళిక ఒకటి దారిలో జారిపోయింది. 8 మిల్లీమీటర్ల పొడుగు, 6 మిల్లీమీటర్ల మందం. బియ్యపుగింజ కంటే కాస్త పెద్దది. రోడ్డు కుదుపులకి మర వదులైందన్నారు. పోయిందన్న సంగతే రెండు వారాల దాకా ఎవరికీ తెలియదు. 1400 కిలోమీటర్ల దారి వెతికి ఫిబ్రవరి 1న కనిపెట్టారు. అది వ్యర్థం కాదు, వాడుకలో ఉన్న వస్తువు. అయినా రోడ్డుకి ఆ తేడా తెలియదు.

2003లో బ్రౌన్, వింగ్‌ఫీల్డ్‌లకి గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం వచ్చింది. అదే ఏడాది జులైలో ప్రభుత్వం ఆ స్థలాన్ని అత్యవసరమంటూ బలవంతంగా సేకరించింది. 2004 జూన్‌లో ఫెడరల్ కోర్టు ఆ సేకరణ చెల్లదంది. జులై 14న ప్రధాని హోవార్డ్ పథకాన్ని వదులుకున్నాడు. కోర్టులో గెలిచింది రాష్ట్ర ప్రభుత్వం, ముందున్నవి ఎన్నికలు, నిజమే. కానీ ఆ పథకాన్ని దేశమంతా మాట్లాడుకునే విషయం చేసింది ఈ స్త్రీలే. చరిత్ర రాసేటప్పుడు కోర్టు తీర్పు ఒక్కటే మిగిలి, వాళ్ళు అడుగున పడిపోకూడదు.

ప్రభుత్వం వెంటనే వేరే ఎడారి చూసుకుంది. ఉత్తర ప్రాంతంలోని మకటీ అంది. డయాన్ స్టోక్స్ వంటివాళ్ళు పోరాడగా 2014లో వెనక్కి తగ్గింది. తర్వాత కింబా అంది. అక్కడి ఓటింగులో బర్న్‌గర్లా భూహక్కుదారుల్ని కలుపుకోలేదు. వాళ్ళు తామే ఓటింగు పెట్టుకుని ముక్తకంఠంతో వద్దన్నారు. 2023లో కోర్టు ఆ నిర్ణయాన్నీ కొట్టేసింది.

అయితే 'వద్దు' అన్నంత మాత్రాన వ్యర్థం మాయమవదు. కేన్సర్ పరీక్షలకి వాడే మందులు అదే లూకస్ హైట్స్‌లో తయారవుతాయి. వాటితో బతికినవాళ్ళలో స్త్రీలూ ఉన్నారు. ఎక్కడో ఒకచోట దాచాల్సిందే. నాకు సబబుగా తోచేది ఇది: తయారుచేసినచోటే, ఆ పని తెలిసినవాళ్ళ కాపలాలో, కంటిముందు ఉంచాలి. కదిలించాల్సి వస్తే అక్కడివాళ్ళు ఒప్పుకోవాలి, వద్దనే హక్కు ఆ ఒప్పుకోలులో భాగంగా ఉండాలి. కంటికి దూరమైతే క్షేమమనుకోవడం కొలత కాదు, అలవాటు.

ఈ అలవాటు మనకీ ఉంది. తుమ్మలపల్లె యురేనియం శుద్ధి వ్యర్థాల చెరువు చుట్టుపక్కల రైతులు తమ బోర్ల నీళ్ళు పాడయ్యాయని ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. నల్లమలలో యురేనియం తవ్వవద్దని తెలంగాణ శాసనసభ 2019 సెప్టెంబరులో తీర్మానించడానికి ముందు చెంచులు గొంతెత్తవలసి వచ్చింది. వాళ్ళలో ఆడవాళ్ళు ఏమన్నారో మనం ఎంత రాసిపెట్టుకున్నాం?

ప్లుటోనియం-239 సగానికి తగ్గడానికి 24,100 ఏళ్ళు పడుతుంది. అన్నాళ్ళ తర్వాతి మనుషులకి 'ఇక్కడ తవ్వకండి' అని ఏ భాషలో చెప్పాలో తెలియక నిపుణులు సతమతమవుతున్నారు. ఏది ముట్టుకోకూడదో పాటల్లో పెట్టి, తరాల తరబడి కూతుళ్ళకీ మనవరాళ్ళకీ అప్పగిస్తూ వచ్చిన స్త్రీలు అదే ఎడారిలో ఉన్నారు. వాళ్ళు చెప్పినదాన్ని నమ్మకంగా కాక సాక్ష్యంగా వినడం నేర్చుకుంటే, భద్రత గురించిన మాట అక్కడ మొదలవుతుంది.