నొప్పులూ – పక్కన మనిషీ

మా అమ్మమ్మకు అయిదు కానుపులూ బేస్తవారిపేటలో, ఇంట్లోనే అయ్యాయి. మత్తుమందు మాటే ఆవిడ ఎరగదు. పట్టుకోవడానికి దూలానికి కట్టిన తాడు, మిరియాల కషాయం, పక్కన మంత్రసాని. అంతే!

అప్పటికే ఆ మందు పుట్టి వందేళ్ళు దాటింది. ఎడింబరోలో డాక్టర్ సింప్సన్ 1847లోనే కానుపులకు క్లోరోఫాం వాడారు. 1853లో విక్టోరియా రాణి కూడా పీల్చింది. అంతదూరం దేనికి, అది ఎంత భద్రమో తేల్చడానికి 1888, 1889లలో మన హైదరాబాదులోనే నిజాం ఖర్చుతో డాక్టర్ లారీ పరిశోధనలు జరిపించారు. ఆ రోజుల్లోనే అక్కడ డాక్టర్ రూపాబాయి ఫర్దూన్జీ రోగులకు క్లోరోఫాం ఇచ్చేవారు. ఆడమనిషే ఆ విద్య నేర్చినా, మా ఊరి పురిటిగదికి దాని వాసనైనా రాలేదు. కనుక 'సహజ ప్రసవం' అని మనం ఇప్పుడు ముచ్చటపడేది అమ్మమ్మ కోరుకున్నది కాదు, తప్పక భరించింది. బిడ్డ అడ్డం తిరిగితే ఇక దేవుడే దిక్కు.

అయితే ఆవిడ ఒక మాట అనేది: "నొప్పి కన్నా భయం చెడ్డదే అమ్మాయీ. మంత్రసాని నడుం రాస్తూ కబుర్లు చెబుతుంటే సగం తగ్గేది." ఇంగ్లండులో డాక్టర్ డిక్ రీడ్ 1933లో పుస్తకం రాసి చెప్పిందీ ఇదే. భయపడితే ఒళ్ళు బిగుస్తుంది, బిగిస్తే నొప్పి పెరుగుతుంది.

నా రెండో కానుపప్పుడు, ఆస్పత్రి పేరెందుకు లెండి, మా అమ్మను తలుపు బయటే కూర్చోబెట్టారు. ఆ రాత్రి నేను ఏడ్చింది నొప్పికి కాదు. 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ ప్రభుత్వాసుపత్రుల కానుపు గదిలోకి ఒక తోడును రానిచ్చింది. ఆ వచ్చేది కానుపు ఎరిగిన ఆడమనిషై ఉండాలట!