క్లబ్బు వాటా ఎంత?

అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల కోచింగ్ అంటే పేకముక్కలు తప్పవు. చేత్తో పట్టుకునే పేక కాదు, లెక్కల పుస్తకంలో పేక. యాభై రెండు ముక్కల కట్టలోంచి రెండు ముక్కలు తీస్తే రెండూ రాజులయ్యే అవకాశం ఎంత? 221లో ఒకటి. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కూర్చుని గ్రూప్స్‌కి చదివే పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఇస్పేటుకీ కళావరుకీ తేడా ఈ లెక్కల కోసమే నేర్చుకున్నవాళ్లు కూడా వాళ్లలో ఉంటారు.

ఈ పేటలకు ఐదారు కిలోమీటర్ల దూరంలోనే, సికింద్రాబాద్‌లో, దేశంలోని జూద చట్టాలన్నిటినీ కదిపిన ఓ పేకాట కేసు పుట్టింది. పరీక్షల గైడ్లలోకి ఎక్కితే అది ఒక్క వాక్యం: రమ్మీ నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని సుప్రీంకోర్టు చెప్పింది. నిజమే, చెప్పింది. అయితే అది సగం తీర్పు. రెండో సగం గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. దానికి కారణం కూడా ఉంది, ఆ సగం ఎవరికీ లాభసాటి కాదు.

1963 మే 4న సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు పందెం కాసి రమ్మీ ఆడుతున్నారు. ఎవరి ముందు వాళ్ల డబ్బు, బల్ల మీద కిట్టీ, క్లబ్బు కోశాధికారి దగ్గర మరికొంత సొమ్ము, కౌంటర్లు. ఇలాంటి వార్త మామూలుగా పేపర్లో జిల్లా పేజీ దాటదు. ఇది ఢిల్లీ దాకా వెళ్లింది.

కేసు పెట్టింది హైదరాబాద్ జూద చట్టం కింద. 1305 ఫస్లీలో, అంటే 1895-96 ప్రాంతంలో, ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఏలుబడిలో వచ్చిన చట్టం. నిజాం రాజ్యం పోయి, హైదరాబాద్ రాష్ట్రం కూడా పోయి, ఆంధ్రప్రదేశ్ వచ్చి ఏడేళ్లవుతున్నా ఆ చట్టం తన ఫస్లీ సంవత్సరంతోనే కోర్టు మెట్లెక్కింది. జూదగృహం నడపడం నేరం, అందులో ఆడుతూ దొరకడం నేరం. కేవలం నైపుణ్యంతో ఆడే ఆటలకు మాత్రం చట్టం వర్తించదని ఒక మినహాయింపు. కథంతా ఆ మినహాయింపు చుట్టూ తిరిగింది.

మేజిస్ట్రేటు శిక్ష వేశాడు. సెషన్స్ జడ్జికి అది నచ్చలేదు, శిక్ష కొట్టేయమని హైకోర్టుకు నివేదించాడు. హైకోర్టు ఒప్పుకుంది. ప్రభుత్వం ఊరుకోకుండా సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ అనే పేరుతో ఇవాళ్టికీ న్యాయవాదుల నోట నలిగే కేసు ఇదే. 1967 నవంబరు 22న తీర్పు వచ్చింది. రాసింది జస్టిస్ హిదాయతుల్లా, మరి కొద్ది నెలలకే ప్రధాన న్యాయమూర్తి అయినాయన. ఫ్లష్ అని, బ్రాగ్ అని పిలిచే మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం, రమ్మీ అలా కాదు అన్నాడాయన. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది కొట్టేయాలో తెలియాలి. ముక్కలు పంచడంలో అదృష్టం ఉన్నా, అది బ్రిడ్జిలో ఉండే పాటిదే.

ఆయన రమ్మీ ఆడేవాడో కాదో గానీ, ఆట మాత్రం అర్థమైన మాట అది. పదమూడు ముక్కలు చేతికొచ్చే దాకా అంతా దైవాధీనం. ఆ తర్వాతే మనిషి బయటపడతాడు. ఎదుటివాడు ఆటీను ఎనిమిది ఎత్తుకున్నాడంటే ఏడో తొమ్మిదో మన చేతిలోంచి జారకూడదు. ప్యూర్ సీక్వెన్స్ పడకముందే జోకర్లు చూసి మురిసిపోయినవాడు ఫుల్ కౌంట్ ఎనభై ఇచ్చుకుంటాడు. 101 ఆటలో మొదట్లోనే డ్రాప్ అయితే 20, మధ్యలో అయితే 40. చెడ్డ చేయి వచ్చినప్పుడు ఇరవైతో వదిలించుకోగలవాడే అసలు ఆటగాడు. పండగలకు ఇళ్లల్లో చాప మీద ఆడేటప్పుడు బాబాయిలు దీన్ని పిరికితనం అంటారు. లెక్క మాత్రం ఆ పిరికివాడి వైపే ఉంటుంది.

ఇక రెండో సగం. క్లబ్బు అన్నాక సిట్టింగ్ ఫీజులాంటిది తీసుకుంటుంది, పేకలు కొనాలి, దీపాలు వెలగాలి, అది తప్పు కాదని కోర్టు అంది. కానీ పందెం కాసి ఆడే ఆట మీద, అది రమ్మీ అయినా సరే, ఇంటి యజమాని గానీ క్లబ్బు గానీ లాభం తీస్తున్నట్టు రుజువైతే నేరం నిలబడవచ్చని కూడా అంది. ఈ కేసులో ఆ రుజువు లేదు కాబట్టి నిందితులు బయటపడ్డారు. అంటే కోర్టు అడిగినవి రెండు ప్రశ్నలు: ఇది నైపుణ్యమా అదృష్టమా, ఆట మీద బతుకుతున్నది ఎవరు. దేశమంతా మొదటి ప్రశ్ననే పట్టుకుంది. నా దృష్టిలో ఆడేవాడి జేబుకు సంబంధించింది రెండోదే.

లెక్క చూడండి. ఆరుగురు సమ ఉజ్జీలు తలా వంద వేసుకుని రమ్మీకి కూర్చున్నారు. కిట్టీ ఆరు వందలు. అందులో నడిపేవాడు పది శాతం తీసుకుంటే గెలిచినవాడికి 540. ఆరింట ఒక ఆట గెలిస్తే చాలదిక. 27 ఆటల్లో 5 గెలిస్తేనే పెట్టిన డబ్బు వెనక్కొస్తుంది. రాత్రంతా కూర్చుని 30 ఆటలు ఆడితే నడిపేవాడికి 1,800 ముడుతుంది. బల్ల మీద ఒక్క ఆటకు పెట్టిన సొమ్ముకు మూడింతలు. ఆడినవాళ్లలో ఒకరిద్దరు లాభంతో లేవచ్చు, ఆరుగురూ కలిసి మాత్రం అంత నష్టపోయే లేస్తారు. నైపుణ్యం పక్కవాడి డబ్బును మన వైపు లాగగలదు గానీ నడిపేవాడి వాటా జోలికి పోలేదు.

ఇప్పుడు దీన్ని క్యాసినో పక్కన పెట్టండి. యూరప్ పద్ధతి రూలెట్ చక్రంలో సున్నాతో కలిపి 37 గళ్లు. ఒక అంకె మీద పందెం గెలిస్తే 35 రెట్లు ఇస్తారు. అన్ని అంకెల మీదా తలా వంద పెడితే 3,700 పోసి 3,600 అందుకుంటాం. మిగిలిన వంద క్యాసినోది, అంటే 2.7 శాతం. అమెరికా చక్రంలో ఇంకో సున్నా ఉండటంతో అది 5.26 అవుతుంది. అచ్చంగా అదృష్టమే అయిన యూరప్ రూలెట్‌లో రూపాయికి పోయేది మూడు పైసల లోపు. పది శాతం వాటా తీసే బల్ల మీద ‘నైపుణ్యం’ ఆటలో సగటు ఆటగాడికి పోయేది పది పైసలు. చట్టం అరవై ఏళ్లు గీసిన గీత ఈ తేడాను చూడనే లేదు.

మనవాళ్లకు ఇష్టమైన లోనా బయటా లెక్క ఇంకా చిత్రం. ఒక ముక్క తెరిచి పెడతారు, తర్వాత అటూ ఇటూ ఒక్కో ముక్క వేస్తూ పోతారు, అదే అంకె ఎటు పడితే అటు గెలుపు. చూడ్డానికి బొమ్మా బొరుసే. కానీ మొదటి ముక్క పడే వైపుకు 20,825 అవకాశాల్లో 10,725 ఉంటాయి, అంటే 51.5 శాతం. అందుకే గోవా క్యాసినో ఓడల మీదలాంటి చోట్ల ఆ వైపు గెలిస్తే రూపాయికి తొంభై పైసలే ఇవ్వడం రివాజు. అటు పెడితే నూటికి 2.15, ఇటు పెడితే 3. ఎటు పెట్టినా ఓడవాడికి కొంత మిగులుతుంది. మూడు ముక్కలాటలో మొత్తం 22,100 చేతులు. మూడూ ఒకే అంకె వచ్చేవి 52, అంటే 425లో ఒకటి. నాలుగింట మూడు చేతుల్లో జత కూడా పడదు. అయినా దీపావళి రాత్రి నగరంలో ఎన్ని ఇళ్లల్లో ఆ 52 కోసం తెల్లవారుతుందో.

అశోక్‌నగర్ పిల్లలు నవ్వుకోవాల్సిన సంగతి ఒకటుంది. యూపీఎస్సీ ప్రిలిమ్స్‌లో నాలుగు ఆప్షన్లు, తప్పుకు మూడో వంతు మార్కు కోత. కళ్లు మూసుకుని బబుల్ నింపితే సగటున వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. జూదం భాషలో చెప్పాలంటే ఇది నిఖార్సైన ఆట. ఏ క్యాసినోలోనూ ఇంత ధర్మంగా నడిచే బల్ల దొరకదు.

మాయాజూదానికి శకుని పాచికలు కావాల్సి వచ్చాయి. క్యాసినోకు ఆ శ్రమ లేదు, ఒక సున్నా గడి చాలు. మరి లెక్క ఇంత స్పష్టంగా ఉన్నా ధర్మరాజు నుంచి ‘కన్యాశుల్కం’లో మధురవాణి ఇంట చేరిన పేకాటరాయుళ్ల దాకా జనం ఎందుకు కూర్చుంటున్నారు? ఓడిపోయినవాడు లేచేటప్పుడు అనే మాట వినండి: ఒక్క ముక్క తప్పిందిరా. ఓడిపోయానని ఒప్పుకోడు, దాదాపు గెలిచానంటాడు. గింజ ఎప్పుడు పడుతుందో తెలియనప్పుడు పావురం మీటను ఆపకుండా పొడుస్తూనే ఉంటుందని అమెరికా మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ చూపించాడు. స్లాట్ మెషీన్ నడిచేదీ ఆ సూత్రం మీదే.

రెండో ఊబి, పోయిన పందేలకు జ్ఞాపకం ఉందనుకోవడం. 1913 ఆగస్టు 18న మాంటెకార్లోలో ఒక చక్రం మీద వరసగా 26 సార్లు నలుపు పడింది. ఇక ఎరుపు తప్పదని ప్రతి తిప్పుకీ జనం ఎరుపు మీద రెట్టింపు పోశారు. చక్రానికి పాత సంగతులు తెలియవు కదా, క్యాసినో ఆ రాత్రి లక్షలు వెనకేసుకుంది. మన మట్కా రాసేవాడి దగ్గర నిన్నటి అంకెల చార్టు పట్టుకుని నిలబడేదీ ఇదే నమ్మకం. ఒంటి అంకెకు పదిలో ఒక అవకాశం, ఇచ్చేది తొమ్మిది రెట్లు. లెక్క మళ్లీ అదే పది శాతం.

1974లో ఆంధ్రప్రదేశ్ కొత్త గేమింగ్ చట్టం తెచ్చుకుంది, నైపుణ్యం మినహాయింపును మాత్రం ఉంచేసింది. దాని నీడలో జంట నగరాల క్లబ్బుల్లో రమ్మీ బల్లలు దశాబ్దాల పాటు నడిచాయి. తెలంగాణ వచ్చాక 2014లో పోలీసులు ఆ క్లబ్బుల మీద పడ్డారు. ఆట అప్పటికే ఫోన్లోకి చేరిపోతోంది. 2017 జూన్‌లో తెలంగాణ ఆర్డినెన్సు తెచ్చి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని కూడా నిషేధించింది. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ అదే దారి పట్టింది. యాప్‌ల కంపెనీలు కోర్టుల్లో ఊదిన శంఖం ఒకటే: 1967 తీర్పు. ఆట ఆటకీ వాటా తీసే వ్యాపారం, వాటా తీయకూడదన్న తీర్పును కవచంగా తొడుక్కోవడం నాకెప్పుడూ వింతగానే ఉండేది.

2023 అక్టోబరు నుంచి ఆన్‌లైన్ పందేల పూర్తి సొమ్ము మీద 28 శాతం జీఎస్టీ పడింది. 2025 ఆగస్టులో పార్లమెంటు మొత్తం గీతనే చెరిపేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట నైపుణ్యమైనా అదృష్టమైనా ఇప్పుడు నిషిద్ధం. నడిపేవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ఆడేవాడికి శిక్ష లేదు. తేలు కుట్టినవాడిని వదిలి తేలును పట్టిన చట్టం, ఆ మేరకు మెచ్చుకోవాలి. అయితే ఇది ఆన్‌లైన్‌కే. గోవాలో మాండవి నది మీద ఓడలు 1976 నాటి అక్కడి చట్టం ప్రకారం, తర్వాతి సవరణలతో, నడుస్తూనే ఉన్నాయి.

కొత్త చట్టాన్ని సవాలు చేసిన పిటిషన్లు సుప్రీంకోర్టుకు చేరాయి. సికింద్రాబాద్ కేసు అక్కడ మళ్లీ వినిపించకుండా ఉండదు. వాదించేవాళ్లూ, రేపు గైడ్లు రాసేవాళ్లూ ఈసారి ఆ తీర్పును చివరి దాకా చదవాలి.