కన్యాస్త్రీల పాఠశాలలు – మన తెలుగు బాలికలు

మధురలో నాయకరాజుల పాలనము 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకునితో ఆరంభమైనది. పదునేడవ శతాబ్ది చివర మనుమని పక్షమున రాజ్యమేలిన రాణి మంగమ్మ పేర ఆ నగరమున సత్రము నేటికిని నిలిచియున్నది. తంజావూరి నాయకుల కొలువున రంగాజమ్మ తెలుగున 'మన్నారుదాసవిలాసము' రచించెను. అయినను సేద్యముతో, నేతతో బ్రతుకు సామాన్య గృహస్థుల ఇంటి బాలికకు పలకా బలపము అందుటకు చాలకాలము పట్టినది. వానిని అందించిన చేతులలో కతోలిక కన్యాస్త్రీల చేతులును కలవు. వారి చరిత్ర మన ఊళ్లకు ఎంత సమీపమైనదో మనలో కొలదిమందియే యెరుగుదురు.

ఫ్రాన్సుదేశమున నాంత్ నగరమునందు 1839లో జన్మించిన హెలెన్ ద షప్పొతాన్ అను వనిత సన్యసించి, 'మేరీ ఆఫ్ ది ప్యాషన్' అను పేర 1865లో మధుర క్రైస్తవ మండలమునకు వచ్చెను. 1874లో ఆమె సంఘము కోయంబత్తూరు మండలమునకు చేరిన ఉదకమండలమున ఒక మఠమును తెరచెను. 1876లో సంఘమున అభిప్రాయభేదములు కలుగగా ఇరువదిమంది కన్యాస్త్రీలు వేరుపడి ఆ కొండమీద చేరిరి. మరుసటి సంవత్సరము జనవరి 6న పోపు అనుమతితో నూతన సంఘము వెలసెను. అదియే నేటి ఫ్రాన్సిస్కన్ మిషనరీస్ ఆఫ్ మేరీ. 1904లో ఆమె మరణించునాటికి 24 దేశములలో 86 మఠములు, 2069 మంది కన్యాస్త్రీలు ఉండిరి. మన నీలగిరులపై పుట్టిన సెలయేరు సముద్రములు దాటినదనుట అతిశయోక్తి కాదు.

కోయంబత్తూరులోని సెంట్ ఫ్రాన్సిస్ బాలికల పాఠశాల, మద్రాసున 1947లో వెలసిన స్టెల్లా మేరిస్ కళాశాల ఈ సంఘమువారివే. 1948లో కోయంబత్తూరుననే మరియొక కన్యాస్త్రీల సంఘము నిర్మలా మహిళా కళాశాలను తెరచెను. మధురలో 1953లో ఫాతిమా కళాశాలను స్థాపించినవారు లియాన్ నగరపు సెంట్ జోసెఫ్ సోదరీమణులు. వారి మూలసంఘము 1650లో ఫ్రాన్సున ఏర్పడినది.

పరమతస్థుల బడి యని సందేహించిన తలిదండ్రులను సైతము ఆకర్షించినది ఒక్కటే: అచట బోధించువారు స్త్రీలు, చదువువారు బాలికలు. ఈడువచ్చిన కుమార్తెను ఇల్లు దాటి పంపుటకు ఆ ధైర్యము చాలినది. పిదప మనవారును ఊరకుండలేదు. గోవిందరాజులు నాయుడు, చంద్రకాంతి దంపతులు 1963లో కోయంబత్తూరున కృష్ణమ్మాళ్ మహిళా కళాశాలను నెలకొల్పిరి.

ఇంత జరిగినను ఒక వెలితి మిగిలినది. బడి మన బాలికకు ఆంగ్లమును, ఊరిభాషయైన తమిళమును నేర్పినది. 2006 నాటి చట్టముతో తమిళము తప్పనిసరి పాఠ్యభాష యైనది. ఈ గడ్డపై బ్రతుకు మనకు అది అవసరమే. కాని అవ్వతో తెలుగున ముచ్చటించు మనుమరాలు, ఆ అవ్వ వ్రాసిన జాబును చదువలేకున్నది. తెలుగు నోట నిలిచినది, చేతినుండి జారినది.

ఇందుకు బడిని నిందించి ఫలములేదు. పరదేశమున పుట్టిన స్త్రీలు కడలి దాటి వచ్చి మన బాలికలకు అక్షరము నేర్పగలిగిరి. మన ఇంటి నాలుగు గోడలనడుమ పెద్దబాలశిక్ష తెరచి, దినమునకొక అరగడియ కుమార్తెను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుట మనకు అసాధ్యమా? బడి చేయవలసినది బడి చేసినది. మిగిలినది తల్లి ఒడి చేయవలెను.