కన్సోల్ జాతకం రెండో ఏట తేలుతుంది

కొత్త వీడియో గేమ్ కన్సోల్ విడుదలైన రోజున దుకాణాల ముందు బారులు తీరిన జనాన్ని చూసి దాని భవిష్యత్తు చెప్పేయడం పత్రికలకు పాత అలవాటు. యాభై ఏళ్ల చరిత్ర తిరగేస్తే ఆ జోస్యాలు తప్పిన సందర్భాలకు కొదవ లేదు.

1977లో అమెరికాలో వచ్చిన అటారి కన్సోల్ మొదట్లో ఒక మోస్తరుగానే అమ్ముడుపోయింది. 1980లో 'స్పేస్ ఇన్వేడర్స్' దాని మీద ఆడే వీలు కలిగాక గిరాకీ ఒక్కసారిగా ఎగిసింది. ఆ ఒక్క ఆట కోసమే కన్సోల్ కొన్నవాళ్లున్నారు. 1983లో నాసిరకం ఆటలు వెల్లువెత్తేసరికి అదే మార్కెట్ కుప్పకూలింది.

1995 మే 11న లాస్ ఏంజెలెస్‌లో తొలి ఈ3 వీడియో గేమ్‌ల ప్రదర్శన. సెప్టెంబరులో రావలసిన తన కొత్త కన్సోల్ సాటర్న్‌ను 399 డాలర్లకు అప్పటికే అమ్మకానికి పెట్టేశామని సెగా ప్రకటించింది. అదే ప్రదర్శనలో సోనీ తరఫున స్టీవ్ రేస్ మైకు ముందుకొచ్చి "299" అని ఒక్క అంకె చెప్పి వెళ్లిపోయాడు. సోనీ కొత్త కన్సోల్ ప్లేస్టేషన్ ధర అది. సెగా నాలుగు దుకాణ సంస్థలకే సరుకిచ్చింది, మిగతా వర్తకులకు ఒళ్లు మండింది. ఆటలు తయారుచేసేవాళ్లు సెప్టెంబరు గడువుతో పనిచేస్తున్నారు గనుక కొత్త ఆటలకు నెలల తరబడి కరువొచ్చింది. సాటర్న్ కోలుకోలేదు.

ఆ పరువు నష్టం సెగా తర్వాతి కన్సోల్ డ్రీమ్‌కాస్ట్‌కూ చుట్టుకుంది. 1999 సెప్టెంబరు 9న అమెరికాలో విడుదలై, ఒక్క రోజులో రెండు లక్షలకు పైగా అమ్ముడైన యంత్రమది. ధర 199 డాలర్లు, తొలి ఆటలూ మంచివే. నా దృష్టిలో అంత చక్కటి ప్రారంభం మరే కన్సోల్‌కూ దక్కలేదు. అయితే పెద్ద ఆటల సంస్థ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ దానికి ఆటలు చేయలేదు. ప్లేస్టేషన్ 2 వస్తోందని సోనీ ముందే చాటడంతో చాలామంది ఆగి చూద్దామనుకున్నారు. పెట్టెను నష్టానికి అమ్మినా ఆటల రాయల్టీతో రాబట్టుకోవచ్చన్నది ఈ వ్యాపారంలో చాలాకాలంగా ఉన్న లెక్క. అంతవరకు ఓపిక పట్టే డబ్బు సెగా దగ్గర లేదు. పదిహేడు నెలలు తిరక్కుండానే, 2001 జనవరి 31న, తయారీ ఆపేస్తున్నామని ప్రకటించింది.

2000 మార్చిలో జపాన్‌లో వచ్చిన ప్లేస్టేషన్ 2 తొలి ఆటలు చప్పగా ఉన్నాయి. చాలామంది దాన్ని చవకైన డీవీడీ ప్లేయర్‌గా కొన్నారు. దాని సత్తా 2001లో బయటపడింది: 'గ్రాన్ టురిస్మో 3', 'ఫైనల్ ఫాంటసీ 10', 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో 3' ఆ ఏడాదివే. దాని అమ్మకాలు 16 కోట్లు దాటాయని సోనీ లెక్క. విడుదలైన తొమ్మిదేళ్లకు, 2009లో, హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ దానికోసం 'హనుమాన్: బాయ్ వారియర్' ఆటను తయారుచేసింది. తొలిరోజున ఏ విశ్లేషకుడు ఊహించి ఉంటాడు!

చెడ్డ ఆరంభమూ సర్దుకుంటుంది. 2011లో నింటెండో 3డీఎస్ చతికిలబడితే ఆరు నెలల్లోపే ధర 250 డాలర్ల నుంచి 170కి దించారు. కంపెనీ అధ్యక్షుడు సతోరు ఇవాతా తన జీతం సగానికి కోసుకున్నాడు. ఏడాది చివర కొత్త మారియో ఆటలొచ్చాయి. చివరికి ఏడున్నర కోట్లకు పైగా అమ్ముడుపోయింది. అదే కంపెనీ కన్సోల్ వీ యూ కథ తలకిందులు: 2012 డిసెంబరు చివరికల్లా 30 లక్షలు అమ్ముడైతే, తర్వాతి మూడు నెలల్లో నాలుగు లక్షలైనా లేవు. పాత వీకి అనుబంధ పరికరమేమో అనుకున్న వాళ్లూ ఉన్నారు.

2025 జూన్ 5న వచ్చిన నింటెండో స్విచ్ 2 అమ్మకాలు నాలుగు రోజుల్లో 35 లక్షలు దాటాయి. 450 డాలర్ల ధరకు అది గొప్పే. అయినా తొలివారం కొనేవాళ్లు ఎలాగూ కొనే అభిమానులు. తర్వాత కొనేవాళ్లను తెచ్చేది రాబోయే ఆటలే. కాబట్టి కొనాలనుకునేవారు అమ్మకాల అంకెలు పక్కనపెట్టి, రాబోయే ఏడాది ఆటల జాబితా చూడండి. మీ ఇంట్లో నిజంగా ఆడేవి అందులో నాలుగైనా లేకపోతే, ధర తగ్గేదాకా ఆగండి.